వీర్యకణం తల ఆకారం, ల్యాబ్‌లో ఎంపిక: ఏ పద్ధతి నిజంగా ఏం చూస్తుంది?

సెమెన్ రిపోర్ట్‌లో "నార్మల్ ఫామ్స్ 2 శాతం" అన్న ఒక్క లైన్ చాలు, దంపతులకు టెన్షన్ మొదలవుతుంది. మిగతా 98 శాతం సంగతేంటి, వాటివల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా, ఆ రెండు శాతాన్ని ల్యాబ్‌వాళ్లు ఏరి తీయలేరా అని అడుగుతారు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లలో కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు: గ్రేడియెంట్ (వేర్వేరు సాంద్రతల ద్రావణాల పొరలు) వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మంచి ఆకారం ఉన్నవి కిందికి దిగుతాయి, చెడ్డవి పైన ఆగిపోతాయి అని.

అది సగమే నిజం. ల్యాబ్‌లో తల ఆకారాన్ని నేరుగా చూసి ఎంచేది మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న మనిషి మాత్రమే, అదీ ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి) చేసేటప్పుడు. మిగతా పద్ధతులన్నీ ఇంకేదో చూస్తాయి. ఒకటి సాంద్రత చూస్తుంది, ఒకటి ఈత చూస్తుంది, మరొకటి పైపొర చూస్తుంది. ఆకారం కొన్నిసార్లు వాటి వెంట వస్తుంది, కొన్నిసార్లు రాదు. ఎప్పుడు వస్తుందో తెలిస్తే పద్ధతి ఎంచుకోవడం తేలికవుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో కూడా తెలుస్తుంది. ల్యాబ్ పని నేర్చుకుంటున్నవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. చికిత్సలో ఉన్న దంపతులు కూడా చదివి అర్థం చేసుకోవచ్చు.

1. తల ఎలా తయారవుతుందో ముందు తెలుసుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా పిపెట్ పట్టుకుంటే మిగతాదంతా బట్టీయమే అవుతుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

వృషణంలో వీర్యకణం మొదట గుండ్రటి కణంగానే ఉంటుంది. చివరి దశలో దాని రూపం మారుతుంది. అప్పుడు నాలుగు పనులు దాదాపు ఒకే కాలంలో నడుస్తాయి. డీఎన్ఏ చుట్టుకుని ఉన్న హిస్టోన్లు అనే ప్రోటీన్లలో ఎక్కువ భాగం తొలగిపోయి వాటి స్థానంలో ప్రోటమీన్లు అనే వేరే ప్రోటీన్లు చేరతాయి. దాంతో డీఎన్ఏ గట్టిగా బిగుసుకుని తల చిన్నదవుతుంది. రెండోది, కణంలోని గాల్జీ అనే భాగం నుంచి ఆక్రోసోమ్ అనే టోపీలాంటి సంచి తయారై తల ముందు భాగాన్ని కప్పుతుంది. అండం చుట్టూ ఉన్న పొరను దాటడానికి కావలసిన ఎంజైములు అందులోనే ఉంటాయి. మూడోది, మాంచెట్ అనే సూక్ష్మనాళికల పట్టీ కేంద్రకాన్ని చుట్టుకుని కోలగా సాగదీస్తుంది. నాలుగోది, అక్కర్లేని కణద్రవ్యం వదిలిపోతుంది.

ఈ నాలుగూ ఒకే దశలో జరుగుతాయి కాబట్టి ఒకటి తప్పితే మిగతావాటిలో కూడా తేడా రావడం మామూలు. పక్వం కాని కణంలో డీఎన్ఏ వదులుగా ఉంటుంది, కణద్రవ్యం మిగిలి ఉంటుంది, పైపొరలో రావలసిన మార్పు రాదు, తల కూడా పెద్దగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. ల్యాబ్ పద్ధతులకూ తల ఆకారానికీ ఉన్న సంబంధం ఇక్కడే పుడుతుంది. సాంద్రత చూసే పద్ధతికి ఆ వదులు డీఎన్ఏ, మిగిలిన కణద్రవ్యం దొరుకుతాయి. పైపొర చూసే పద్ధతికి ఆ పొర దొరుకుతుంది. ఆకారం బాగుపడటం వాటి వెంట వచ్చే ఫలితం.

క్రోమోజోముల లెక్క మాత్రం వేరు. అది ఈ దశకు ముందే, కణ విభజనలోనే తేలిపోతుంది. అందువల్ల చక్కని కోల తల ఉన్న వీర్యకణంలో కూడా ఒక క్రోమోజోమ్ ఎక్కువో తక్కువో ఉండవచ్చు. వంకర తలలో సరిగ్గా 23 ఉండవచ్చు. ఆకారాన్ని చూసి జన్యువుల గురించి దంపతులకు భరోసా ఇవ్వకండి, భయమూ పెట్టకండి.

వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది, ఆ పైన ఎపిడిడిమిస్‌లో (వృషణానికి ఆనుకుని ఉండే నాళంలో) మరికొన్ని రోజులు. గట్టి జ్వరం వచ్చి తగ్గిన నెలకో నెలన్నరకో ఇచ్చిన శాంపిల్‌లో తలలు పాడై కనిపిస్తే, ఆ ఒక్క రిపోర్ట్ పట్టుకుని చికిత్స మార్చకూడదు. మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి.

2. స్లయిడ్ సరిగ్గా చేయండి, సరిగ్గా లెక్కపెట్టండి

రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత ఇచ్చిన శాంపిల్ తీసుకోండి. అది పలుచబడ్డాక బాగా కలిపి 5 నుంచి 10 మైక్రోలీటర్ల చుక్క స్లయిడ్ మీద వేయండి. రెండో స్లయిడ్‌ను సుమారు 45 డిగ్రీల వాలులో పట్టి చుక్కను లాగుతూ పలుచగా పరచండి. ఒక్కో శాంపిల్‌కు కనీసం రెండు స్లయిడ్‌లు చేయాలి. గాలికి ఆరనిచ్చి 95 శాతం ఇథనాల్‌లో కనీసం 15 నిమిషాలు ఫిక్స్ చేసి స్టెయిన్ వేయండి. పాపనికొలావ్ స్టెయిన్ మంచిది. ఆక్రోసోమ్, దాని వెనుక భాగం విడివిడిగా తెలుస్తాయి. రాపిడ్ స్టెయిన్లు త్వరగా అయిపోతాయి కానీ వాటిలో తల కొంచెం ఉబ్బినట్టు పెద్దగా కనిపిస్తుంది. ఏ స్టెయిన్ వాడారో రిపోర్ట్‌లో రాయండి.

చూసేది 1000 రెట్ల మాగ్నిఫికేషన్‌లో, ఆయిల్ ఇమ్మర్షన్‌తో. మామూలు తల నునుపైన అంచుతో కోలగా ఉండాలి. పాపనికొలావ్ స్టెయిన్‌లో పొడవు సుమారు 4.1 మైక్రాన్లు, వెడల్పు 2.8 మైక్రాన్లు, అంటే పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు. తల వైశాల్యంలో 40 నుంచి 70 శాతం ఆక్రోసోమ్ ఉండాలి. ఆక్రోసోమ్‌లో చిన్న వాక్యూల్స్ (బుడగల్లాంటి ఖాళీలు) రెండుకు మించకూడదు, అవి తలలో ఐదో వంతు దాటకూడదు. ఆక్రోసోమ్ వెనుక భాగంలో అసలు ఉండకూడదు. తల బాగుంటే సరిపోదు, నడుము భాగం, తోక కూడా సరిగ్గా ఉంటేనే దాన్ని నార్మల్ అని లెక్కించాలి. అనుమానంగా ఉన్నవన్నీ అబ్‌నార్మల్ కిందికే వెళ్తాయి.

ఈ కఠిన ప్రమాణం దక్షిణాఫ్రికాలోని టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో థైనస్ క్రూగర్ బృందం 1986లో ఇచ్చిన పద్ధతి నుంచి వచ్చింది. అప్పుడు వాళ్లు గీత గీసింది 14 శాతం దగ్గర. ఇప్పుడు మన రిపోర్టుల్లో కనిపించే 4 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్‌ది. 2010 ఐదో ముద్రణలోనూ, 2021 ఆరో ముద్రణలోనూ అదే అంకె ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో ప్రతి దంపతులకూ చెప్పాలని నా గట్టి అభిప్రాయం. భార్య ఏడాదిలోపు సహజంగా గర్భం దాల్చిన పురుషుల శాంపిల్స్ తీసుకుని, వారిలో కింది ఐదు శాతం మంది ఎక్కడ ఉన్నారో చూసి అక్కడ గీత పెట్టారు. అంటే ఆ గీత కింద ఉన్న తండ్రులు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. సంతానం కలిగేవారినీ కలగనివారినీ విడదీసే గీత అది కాదు.

లెక్కలో ఉండే తేడా గురించి కూడా ఒక మాట. 200 కణాలు లెక్కపెడితే 4 శాతం అంటే ఎనిమిది కణాలు. ఇంత చిన్న లెక్కలో అసలు విలువ 2 శాతం దగ్గర నుంచి దాదాపు 8 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. రెండు స్లయిడ్‌లలో కలిపి 400 లెక్కపెడితే ఆ పరిధి సుమారు 2 నుంచి 6కి తగ్గుతుంది. పోయిన నెల 3 శాతం, ఈ నెల 5 శాతం వచ్చిందంటే మందు పనిచేసిందని చెప్పడానికి లేదు, వికటించిందని చెప్పడానికీ లేదు.

3. శాతం కంటే ముందు, తలల తీరు చూడండి

ఒకే శాంపిల్‌లో సన్నటి తలలు, పియర్ పండు ఆకారపు తలలు, చిన్నవి, గుండ్రటివి, రూపం లేనివి అన్నీ కలిసి ఉండటమే సాధారణంగా కనిపించేది. దీన్ని కలగలుపు తీరు అందాం. ఇలాంటి శాంపిల్‌లో ఎంచుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అరుదుగా దాదాపు ప్రతి కణంలోనూ ఒకే లోపం కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఆగాలి, ఎందుకంటే అక్కడ ఎంపిక పద్ధతులేవీ పనికిరావు, సమస్య జన్యువులో ఉంటుంది.

మొదటిది గ్లోబోజూస్పెర్మియా. తలలన్నీ గుండ్రంగా, ఆక్రోసోమ్ లేకుండా ఉంటాయి. చాలా కేసుల్లో డీపీవై19ఎల్2 అనే జన్యువు లోపం ఉంటుంది. ఆక్రోసోమ్ లేదు కాబట్టి మామూలు ఐవీఎఫ్‌లో ఇవి అండంలోకి చొరబడలేవు. ఇక్సీతో లోపల పెట్టినా, అండాన్ని మేల్కొలిపే పీఎల్‌సీ జీటా అనే ప్రోటీన్ వీటిలో లేకపోవడం లేదా తక్కువగా ఉండటం వల్ల ఫలదీకరణ తరచూ విఫలమవుతుంది. అందుకే ఇక్సీ తర్వాత కాల్షియం అయనోఫోర్ అనే రసాయనంతో అండాన్ని యాక్టివేట్ చేస్తారు. ఇక్కడ గ్రేడియెంట్ మార్చినా, వీర్యకణాలను ఎంచే ఖరీదైన చిప్ కొన్నా ఫలితం మారదు.

రెండోది మాక్రోజూస్పెర్మియా. తలలన్నీ బాగా పెద్దగా, చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ తోకలతో కనిపిస్తాయి. ఏయూఆర్‌కేసీ జన్యువులో రెండు ప్రతులూ దెబ్బతిన్నవారిలో కణ విభజనే పూర్తికాదు, కాబట్టి దాదాపు ప్రతి తలలో క్రోమోజోములు రెట్టింపో నాలుగింతలో ఉంటాయి. తల ఆకారం క్రోమోజోముల గురించి గట్టిగా చెప్పే అరుదైన సందర్భం ఇదే. వీటిలో కాస్త చిన్నగా ఉన్నదాన్ని ఎంచి ఇక్సీ చేద్దామనుకోవడం పొరపాటు. జన్యు పరీక్ష చేయించి కౌన్సెలింగ్‌కు పంపాలి, దాత వీర్యం గురించి మాట్లాడాలి.

మూడోది తల లేకుండా తోకలే ఈదే శాంపిల్. కదలిక చూసి ఆశపడతారు కానీ అక్కడ డీఎన్ఏయే లేదు. తలా తోకా కలిసే చోట లోపం ఇది. కొందరిలో ఎస్‌యూఎన్5 వంటి జన్యువుల్లో కారణం దొరుకుతుంది.

సన్నటి తలలు ఎక్కువుంటే వేరికోసీల్ (వృషణం దగ్గరి సిరలు ఉబ్బడం) అనే మాట పాతది. సంబంధం లేదని అనను. కానీ స్లయిడ్ మాత్రమే చూసి వేరికోసీల్ ఉందని రాయకూడదు. ఆ మాట చెప్పాల్సింది పరీక్ష చేసిన యూరాలజిస్ట్.

4. గ్రేడియెంటా, స్విమ్-అప్పా?

వడ్లు తూర్పారబట్టేటప్పుడు ఎవరూ ఒక్కో గింజ ఆకారం చూడరు. తాలు తేలిక కాబట్టి గాలికి పోతుంది, గట్టి గింజ కింద పడుతుంది. డెన్సిటీ గ్రేడియెంట్ చేసేదీ అంతే. డీఎన్ఏ బిగుసుకున్న, కణద్రవ్యం వదిలించుకున్న వీర్యకణం సాంద్రత ఎక్కువ, అది రెండు పొరలు దాటి అడుగుకు చేరుతుంది. పక్వం కానివి, చనిపోయినవి, తెల్ల రక్తకణాలు పైన గానీ మధ్య అంచు దగ్గర గానీ ఆగుతాయి. పక్వమైన వాటిలో మంచి తలలు ఎక్కువ కాబట్టి అడుగున చేరినవాటిలో నార్మల్ శాతం పెరుగుతుంది. అయితే సన్నగా ఉన్నా లోపల గట్టిగా బిగుసుకున్న తల కూడా దిగుతుంది. దాన్ని ఆపే శక్తి గ్రేడియెంట్‌కు లేదు.

చేసే విధానం ఇది. కోనికల్ ట్యూబ్‌లో 1 మిల్లీలీటర్ 80 శాతం ద్రావణం, దాని మీద నెమ్మదిగా 1 మిల్లీలీటర్ 40 శాతం ద్రావణం వేయండి. రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపించాలి. దాని మీద 1 మిల్లీలీటర్ వీర్యం. శాంపిల్ ఎక్కువుంటే ఇంకో ట్యూబ్ పెట్టండి, ఒకే ట్యూబ్‌లో కుక్కవద్దు. ఎక్కువైతే పొరలు అడ్డుపడి మంచివీ చెడ్డవీ కలిసి దిగుతాయి. 300 నుంచి 400 జీ (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలం అన్న కొలత) వద్ద 15 నుంచి 30 నిమిషాలు తిప్పండి. పై పొరలు తీసేశాక, కొత్త పిపెట్‌తో అడుగున ఉన్న పెల్లెట్ (పేరుకున్న కణాల ముద్ద) తీసుకోండి. పాత పిపెట్‌తోనే తీస్తే పైనున్న చెత్త మళ్లీ పెల్లెట్‌లో కలుస్తుంది. చేసిన ఎంపికంతా ఆ ఒక్క క్షణంలో వృథా అవుతుంది. పెల్లెట్‌ను 5 మిల్లీలీటర్ల మీడియంలో కలిపి 200 జీ వద్ద 4 నుంచి 10 నిమిషాలు తిప్పి కడగండి, ఇంకోసారి కడగండి.

చాలా ల్యాబ్‌ల్లో గోడ మీద "1500 ఆర్‌పీఎం" అని మాత్రమే రాసి ఉంటుంది. జీ అన్నది రోటర్ వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. లెక్క ఇది: జీ = 0.00001118 × వ్యాసార్ధం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం. రోటర్ 16 సెంటీమీటర్లైతే 300 జీకి దాదాపు 1300 ఆర్‌పీఎం సరిపోతుంది. మెషిన్ మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ చేయండి. ఒకప్పుడు వాడిన పెర్కాల్‌ను 1996లో మానవ చికిత్సకు వాడకుండా ఉపసంహరించారు. ఇప్పుడు వాడేవి సిలేన్ పూత వేసిన సిలికా ద్రావణాలు.

స్విమ్-అప్ తేలిక. ట్యూబ్‌లో 1 మిల్లీలీటర్ వీర్యం, దాని మీద 1.2 మిల్లీలీటర్ల మీడియం. ట్యూబ్‌ను 45 డిగ్రీల వాలులో 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి, నిలబెట్టి, పై 1 మిల్లీలీటర్ తీసుకోండి. పైకి ఈదగలిగినవే వస్తాయి. తల బాగా చెడిన కణాలకు తరచూ నడుము, తోక కూడా సరిగ్గా ఉండవు, ఈత సాగదు, అందుకే ఇక్కడ కూడా మంచి తలల శాతం పెరుగుతుంది. కానీ గుండ్రటి తల ఉన్నా తోక బాగుంటే అది హాయిగా పైకి వస్తుంది. ఈత చూసే పద్ధతికి తలతో పనిలేదు.

కౌంట్, కదలిక బాగుండి ఆకారం మాత్రమే తక్కువుంటే నేను స్విమ్-అప్ వైపే మొగ్గుతాను, కణాలపై సెంట్రిఫ్యూజ్ ఒత్తిడి తక్కువ. కౌంట్ తక్కువగా ఉన్నా, తెల్ల రక్తకణాలు ఎక్కువున్నా గ్రేడియెంట్ చేయాలి, స్విమ్-అప్‌లో చేతికి వచ్చేవి మరీ తక్కువ.

5. కడిగాక మళ్లీ ఒక స్లయిడ్ చేయండి

దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఇది. కడిగిన తర్వాత కౌంట్, కదలిక చూస్తారు, ఆకారం చూడరు. చివర్లో మిగిలిన ఒక చుక్కను స్లయిడ్ మీద వేసి, పిపెట్‌ను అడ్డంగా పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ పరచండి. కడిగిన శాంపిల్‌లో వీర్యద్రవం ఉండదు కాబట్టి మామూలుగా లాగితే సరిగ్గా పరుచుకోదు. ముందు స్లయిడ్‌తో పోల్చండి. ఏ లోపం తగ్గింది, ఏది అలాగే ఉంది? కొన్ని నెలలు ఇలా రాసి పెట్టుకుంటే మీ ల్యాబ్‌లో మీ చేతుల్లో ఏ పద్ధతి ఏం చేస్తోందో మీకే తెలుస్తుంది. కంపెనీ బ్రోచర్ కంటే ఇది నమ్మదగింది.

6. ఇక్సీ దగ్గర: కన్ను పని మొదలయ్యేది ఇక్కడే

1992లో బ్రస్సెల్స్ నుంచి జియాన్‌పియెరో పలెర్మో బృందం ఇక్సీతో వచ్చిన తొలి గర్భాలను ప్రచురించింది. ఒక అండం, ఒక వీర్యకణం, దాన్ని ఎంచేది ఒక మనిషి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇక్సీలో చూసేది ప్రాణంతో కదిలే, స్టెయిన్ లేని కణాన్ని, అదీ 200 నుంచి 400 రెట్లలో. స్లయిడ్ మీద కనిపించిన వివరాలు ఇక్కడ కనిపించవు. ఆక్రోసోమ్ హద్దు తెలియదు, చిన్న వాక్యూల్స్ తెలియవు. పాపనికొలావ్ స్టెయిన్ వేయడంలో తల కొంత కుంచించుకుపోతుంది కాబట్టి బతికున్న తల కాస్త పెద్దగానే ఉంటుంది. స్లయిడ్ కొలతలు ఇక్కడికి తెచ్చుకోవద్దు.

పీవీపీ అనే చిక్కటి ద్రవం చుక్కలో కణం నెమ్మదిస్తుంది. వీర్యకణం తల చదునుగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే మంచి తల కూడా సన్నగా సూదిలా కనిపిస్తుంది, కొత్తవాళ్లు దాన్ని వదిలేస్తారు. అది దొర్లుతూ ముందుకు వెళ్తుంది కాబట్టి ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా చూసి నిర్ణయించండి. అంచు నునుపుగా ఉందా, రెండు వైపులా సమానంగా ఉందా, మధ్యలో పెద్ద గుంటలాంటి మచ్చ ఉందా, మెడ తిన్నగా ఉందా, మెడ దగ్గర కణద్రవ్యం ముద్ద అతుక్కుని ఉందా? ఈ ఐదూ చూస్తే చాలు. ఆ తర్వాత సూదితో తోకను నొక్కి కదలిక ఆపి, తోక వైపు నుంచి లోపలికి తీసుకోండి.

మంచిది దొరక్కపోతే? అలాంటి రోజులు వస్తాయి. అప్పుడు నా క్రమం ఇది: మొదట కదలిక, తర్వాత తల అంచు, ఆ తర్వాతే మెడ. కదలిక లేని అందమైన తల కంటే, కదులుతున్న కొంచెం వంకర తల మేలు, ఎందుకంటే కదలిక అది బతికుందని చెబుతుంది. ఆకారం ఆ మాట చెప్పలేదు. కదిలేవి ఒక్కటీ లేకపోతే హైపో-ఆస్మోటిక్ పరీక్షలో (పలుచని ద్రావణంలో ఉంచితే బతికున్న కణం తోక ఉబ్బుతుంది) తోక వంకర తిరిగినవాటిని ఎంచాలి. వృషణం నుంచి తీసిన కణాలకు ఈ ఆకార నియమాలు అంత గట్టిగా వర్తించవు, అవి ఇంకా చివరి పక్వత పొందలేదు.

అన్నిటికంటే ముఖ్యం, వెతుకులాటకు ఒక సమయం పెట్టుకోండి. పర్ఫెక్ట్ తల కోసం వెతుకుతూ అండాలను బయట ఎక్కువసేపు ఉంచడం వల్ల జరిగే నష్టం, కొంచెం తక్కువ ఆకారం ఉన్న కణం వల్ల జరిగేదానికంటే ఎక్కువ కావచ్చు.

7. అదనపు పద్ధతులు: ఒక్కోటి దేన్ని చూస్తుంది?

ఇమ్సీ ఒక్కటే నిజంగా ఆకారం చూసే అదనపు పద్ధతి. ఇజ్రాయెల్‌లో బెంజమిన్ బార్టూవ్ బృందం 2000ల మొదట్లో తెచ్చింది. నొమార్స్కీ ఆప్టిక్స్ అనే ప్రత్యేక మైక్రోస్కోప్ ఏర్పాటుతో, డిజిటల్‌గా పెంచి 6000 రెట్లకు పైగా చూస్తారు. ఈ ఆప్టిక్స్ ప్లాస్టిక్ డిష్‌లో పనిచేయవు, గాజు అడుగున్న డిష్ కావాలి. వారి ప్రమాణంలో బతికున్న కణం కేంద్రకం పొడవు సుమారు 4.75, వెడల్పు 3.28 మైక్రాన్లు. వాక్యూల్స్ కేంద్రకంలో 4 శాతం వైశాల్యం దాటకూడదు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వెతకడానికి చాలా సమయం పడుతుంది. కణాలను 37 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే వాక్యూల్స్ పెరుగుతాయని కూడా చూశారు. మామూలు ఇక్సీ కంటే బిడ్డలు ఎక్కువగా పుడతారనడానికి తగిన ఆధారం లేదని, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2013లో చెప్పింది, 2020లో మళ్లీ చూసినప్పుడూ అదే తేలింది.

పిక్సీలో డిష్ మీద హయలురోనాన్ (అండం చుట్టూ సహజంగా ఉండే జిగురు పదార్థం) చుక్కలు ఉంటాయి. పైపొర పక్వమైన కణం తల అక్కడ అతుక్కుని, తోక కొట్టుకుంటూ ఉంటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో గాబోర్ హుస్జార్ దశాబ్దాలపాటు ఈ సంబంధాన్ని వివరించారు. మొదటి మెట్టులో చెప్పినట్టు పైపొర, కణద్రవ్యం, తల ఆకారం ఒకే దశలో తయారవుతాయి కాబట్టి అతుక్కున్నవాటిలో మంచి తలలు ఎక్కువ. అయినా అతుక్కున్న ప్రతిదీ మంచి ఆకారంలో ఉండదు. అతుక్కున్నవాటిలోంచి మళ్లీ కంటితో ఎంచాలి. బ్రిటన్‌లో 2772 జంటలతో జరిగిన హాబ్‌సెలెక్ట్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డల శాతం పిక్సీలో 27.4, మామూలు ఇక్సీలో 25.2. ఈ తేడా గణాంకాల్లో నిలబడలేదు. గర్భస్రావాలు మాత్రం 7 శాతం నుంచి 4.3 శాతానికి తగ్గాయి. అందుకని ప్రతి కేసులోనూ పిక్సీ అమ్మడం తప్పు. పదేపదే గర్భస్రావం అయిన దంపతులతో దీని గురించి మాట్లాడటంలో అర్థం ఉంది.

మ్యాక్స్ అనేది అయస్కాంత పద్ధతి. కణం చావుబాట పట్టినప్పుడు ఫాస్ఫటిడైల్ సెరీన్ అనే కొవ్వు పైపొర బయటి వైపుకు వస్తుంది. అనెక్సిన్ వీ పూసిన సూక్ష్మ అయస్కాంత పూసలు దాన్ని పట్టుకుంటాయి, మిగిలినవి కిందికి జారతాయి. తల ఆకారంతో దీనికి నేరుగా సంబంధం లేదు.

మైక్రోఫ్లూయిడిక్ చిప్‌ల గురించి ఒక అపోహ ఉంది, రంధ్రాల్లోంచి మంచి తలలే దూరతాయని. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో రంధ్రాలు 8 మైక్రాన్లు. తల వెడల్పు మూడు మైక్రాన్లు, పెద్ద తలైనా అందులో దూరిపోతుంది. అక్కడ పనిచేసేది కూడా ఈతే. సెంట్రిఫ్యూజ్ అవసరం లేకపోవడం, డీఎన్ఏ తెగిపోవడం తక్కువున్న కణాలు రావడం దాని లాభాలు. డీఎన్ఏ తెగిపోవడం ఎక్కువని పరీక్షలో తేలినవారికి పరిశీలించవచ్చు. రిపోర్ట్‌లో ఆకారం తక్కువ అన్న ఒక్క కారణంతో చిప్ కొనమని చెప్పను.

యూరప్ ఫెర్టిలిటీ నిపుణుల సంఘం ఈష్రే 2023లో ఇచ్చిన సిఫారసులు కూడా ఈ నాలుగింటిలో దేన్నీ రొటీన్‌గా వాడమనలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తల సైజు చూసి మగబిడ్డనిచ్చే కణం, ఆడబిడ్డనిచ్చే కణం వేరు చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. ఎక్స్ కణంలో వై కణం కంటే డీఎన్ఏ సుమారు 2.8 శాతమే ఎక్కువ, ఆ తేడా మైక్రోస్కోప్‌లో కంటికి అందదు. పైగా మన దేశంలో 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం, 2003 నుంచి అమల్లో ఉన్న సవరణతో, గర్భం రాకముందు చేసే లింగ ఎంపికను కూడా నేరంగా చూస్తుంది. స్కానింగ్ సెంటర్ల గోడల మీద కనిపించే ఆ బోర్డుకు ఉన్న చట్టమే ఐవీఎఫ్ ల్యాబ్‌కూ వర్తిస్తుంది.

8. రిపోర్ట్ రాసేటప్పుడు, దంపతులతో మాట్లాడేటప్పుడు

"టెరటోజూస్పెర్మియా" (మామూలు ఆకారం ఉన్నవి తక్కువ) అని ఒక్క పదం రాసి పంపకండి. తలల తీరు కలగలుపా, ఒకే లోపమా, ఎన్ని కణాలు లెక్కపెట్టారు, ఏ స్టెయిన్, కడిగాక ఎంత మారింది, ఇవన్నీ రాయండి. కౌంట్, కదలిక బాగుండి ఆకారం మాత్రమే తక్కువుంటే, ఆ ఒక్క అంకె చూసి నేరుగా ఇక్సీకి పంపాల్సిన అవసరం లేదని చెప్పండి. భార్య వయసు, ఎన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నారు, ట్యూబులు ఎలా ఉన్నాయి అన్నవి చాలామంది విషయంలో ఈ అంకె కంటే ఎక్కువ బరువున్నవి.

దంపతులు అయితే క్లినిక్‌లో ఇవి అడగండి: మా తలల లోపం ఏ రకం? మీరు చెబుతున్న పద్ధతి దేన్ని చూస్తుంది, ఆ లోపాన్ని అది పట్టుకోగలదా? దానికి ఎంత అదనం, అది లేకుండా చేస్తే మాకు ఏం తగ్గుతుంది? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అప్పుడు పనికొచ్చేలా, కవర్‌స్లిప్ పెట్టి మౌంట్ చేసిన స్లయిడ్‌ను ల్యాబ్‌వాళ్లు పారేయకుండా దాచాలి. రెండో అభిప్రాయానికి కొత్త శాంపిల్ కంటే ముందు అదే స్లయిడ్‌ను ఇంకో కన్ను చూడాలి.